ఫ్రిజ్జులో పెట్టిందల్లా దాచినట్టు కాదు

మా ఫ్రిజ్జులో అన్నిటికన్నా కింద ఉండే కూరగాయల సొరుగుని మా ఆవిడ మార్చురీ అంటుంది. "బతికుండగా ఎవరూ అటు తొంగిచూడరు, పోయాక మాత్రం నన్ను పిలుస్తారు" అని ఆవిడ ఫిర్యాదు.

న్యాయమే. ఆదివారం పొద్దున్నే సంచులు పట్టుకుని మార్కెట్‌కి బయల్దేరేది నేను. కంటికి పచ్చగా కనబడిందల్లా కొనేది నేను. పాలిథిన్ కవర్లతో సహా సొరుగులో కుక్కేసి, హమ్మయ్య వారానికి సరిపడా, అని చేతులు దులుపుకునేదీ నేనే. గురువారానికి కొత్తిమీర కట్ట నల్లటి జిగురైపోయి, బెండకాయలు వేళ్లకి అంటుకుంటుంటే ముక్కు మూసుకుని ఆ సొరుగు కడిగేది మాత్రం ఆవిడ.

కిందటేడు ఆవిడ ఒక పని చేసింది. వంటింటి గోడకున్న కేలండర్లో, ఏ రోజు ఏది పారేస్తే అది ఆ రోజు గడిలో రాయడం మొదలెట్టింది. తిట్టలేదు, సాధించలేదు. రాసి ఊరుకుంది. నెలాఖరున నన్ను ఆ గోడ ముందు నిలబెట్టింది. కొత్తిమీర, తోటకూర, కొత్తిమీర, సగం ఆనపకాయ, బెండకాయలు, పుదీనా, కొత్తిమీర, నాలుగు టమాటాలు, గోంగూర, మళ్లీ కొత్తిమీర. ఎక్కడా ఉల్లిపాయలు లేవు, కంద లేదు, గుమ్మడికాయ లేదు. ఫ్రిజ్జు బయట, గచ్చు మీద గంపలో దిక్కూమొక్కూ లేకుండా పడున్నవన్నీ క్షేమం. లోపల చల్లగా పడుకున్నవే కాలం చేశాయి.

ఫ్రిజ్జు లేకపోతే ఆ కొత్తిమీర మంగళవారానికే పోయేదని ఒప్పుకుంటాను. అయినా ఆ కేలండర్ చూశాక నాకొక అనుమానం పట్టుకుంది. గోదావరి జిల్లాల వాళ్లం, కూరగాయలు దాచుకునే విద్యని ఎక్కడెక్కడి పొడి ప్రాంతాల నుంచో ఫోన్లో వచ్చే వీడియోల్లో చూసి నేర్చుకుంటున్నాం. మన గాలి ఎలాంటిదో ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఇక్కడ కూరగాయ ప్రాణం తీసేది ఎండ కన్నా ముందు చెమ్మ.

దీనికి రుజువు నా సొంత ఖర్చుతో సంపాదించాను. రెండు వేసవుల కిందట ఒక వీడియో వచ్చింది. పెద్ద కుండలో చిన్న కుండ, రెంటి మధ్యా ఇసక, ఇసక మీద నీళ్లు, పైన తడి గోనె. కరెంటు అక్కర్లేని ఫ్రిజ్జు. వీడియో అబద్ధమేం కాదు. నైజీరియాలో మహమ్మద్ బాహ్ అబ్బా అనే ఉపాధ్యాయుడు ఈ కుండలో కుండని పల్లెలకి పంచాడు, దానికి 2000లో రోలెక్స్ అవార్డు కూడా ఇచ్చారు. మన దగ్గర ఢిల్లీ పూసాలో ఉన్న భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు 1980లలోనే ఇదే సూత్రంతో ఇటుకల తొట్టి ఒకటి రూపొందించారు: రెండు వరసల ఇటుక గోడ, నడుమ తడి ఇసక, పైన గడ్డి మూత. ఇంతమంది చెప్పాక నాకేం తక్కువని నేనూ కుండలు తెచ్చాను. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఇసక కరువా? (ఈ రోజుల్లో కరువే లెండి, అది వేరే గొడవ.) పూటకోసారి నీళ్లు పోశాను. మూడో రోజు మూత తీస్తే టమాటాల తొడిమల దగ్గర తెల్లటి బూజు, వంకాయల మీద వేలు దిగబడే మచ్చలు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతేనే కుండ చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది. ఢిల్లీలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. తడి కుండ దాదాపు 23 డిగ్రీల దాకా దిగగలదు. అదే అమలాపురంలో 33 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకోండి. ఎన్ని బిందెల నీళ్లు పోసినా 29 దగ్గర ఆగిపోతుంది. ఆ నాలుగు డిగ్రీల కోసం కూరగాయల్ని తడి చీకట్లో బంధించడమన్నమాట. బూజుకి అంతకన్నా సుఖమైన అత్తారిల్లు ఎక్కడ దొరుకుతుంది? ఒక పక్క సముద్రం, చుట్టూ గౌతమి, వసిష్ఠ, వైనతేయ అనే గోదావరి పాయలు, 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచి ఊరూరా కాలవలు, వాటి కింద వరి చేలల్లో నిలవ నీళ్లు. శ్రావణంలో దండెం మీద తువ్వాలే సాయంత్రానికి ఆరదు మనకి. కుండ ఏం ఆరుతుంది!

కోసిన కూరగాయ కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఆ సంగతి మనం మరిచిపోతాం. తనలో దాచుకున్న చక్కెరని కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టుకుంటూ, వేడినీ ఆవిరినీ బొగ్గుపులుసు వాయువునీ బయటికి వదుల్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ ఊపిరి వేగం సుమారుగా రెండు మూడు రెట్లవుతుంది. బెండకాయ, పచ్చి బఠాణీ, ఆకుకూరలు గబగబా ఊపిరి తీసే రకం. ఉల్లి, బంగాళాదుంప కుంభకర్ణుడి వంశం. ఆకుకూర బరువులో ఏ ఐదో పదో శాతం నీరు పోతే చాలు, తల వాల్చేస్తుంది. అందుకే అన్ని ఊళ్ల వాళ్లూ తేమ పోకుండా కవర్లో కట్టమంటారు. మన దగ్గర వచ్చే చిక్కు ఇక్కడే. ఉక్కలో, ఎండన పడి వచ్చిన కూరని కవర్లో బిగించి ఫ్రిజ్జులో పెడితే, అది వదిలిన ఆవిరి చల్లబడ్డ కవరుకి తగిలి నీటి బొట్లై తిరిగి దాని నెత్తినే పడుతుంది. మర్నాటికి కవరు లోపల చిన్న వాన. మూడో నాటికి జిగురు. ఆకుకి కావలసింది తేమ, మనం ఇస్తున్నది తడి.

తడి అంటే గుర్తొచ్చింది. మా మార్కెట్లో ఆకుకూరలమ్మే ఒక మామ్మ ఉంది. గంప పక్కన చెంబు పెట్టుకుని ఐదు నిమిషాలకోసారి నీళ్లు చిలకరిస్తూనే ఉంటుంది. కేలండర్ దెబ్బ తిన్న కొత్తలో, పెద్ద జ్ఞానిలా ఆవిడకి చెప్పబోయాను.

"మామ్మా, నీళ్లు జల్లకుండా ఇవ్వకూడదా? ఇంటికెళ్లేసరికి కుళ్లిపోతున్నాయి."

"ఆయ్, జల్లకపోతే వాడిపోయిందని తవరే పక్క గంప కాడికి ఎల్లిపోతారు కదండీ. తెల్లారగట్ట మూడింటికి కోసిన కూరండి ఇది. తొమ్మిదింటి ఎండకి ఏం మిగులుద్దండి? ఈ నీళ్లు కూర కోసం కాదండి బాబూ, తవరి కళ్ల కోసం."

నా దగ్గర జవాబు లేదు. నిగనిగలాడే తడి కట్టని చూసి తాజా అనుకునేది మనమే, ఆ తడికే ఇంట్లో కుళ్లిందని ఏడ్చేదీ మనమే. అప్పట్నుంచి మామ్మ గంప అడుగున నీళ్లు తగలని కట్టలు రెండు నాకోసం తీసి పెడుతుంది. చూడ్డానికి దీనంగా ఉంటాయి. రెండు రోజులు ఎక్కువ నిలుస్తాయి.

ఇంటికి రాగానే పాత పంచె ఒకటి పరుస్తాను. ఆకుకూరల కట్టలకి చుట్టిన అరటినార ముందు విప్పేస్తాను. ఆ ముడి దగ్గరే, కాడలు నలిగిన చోటే, కుళ్లు మొదలవుతుంది. నలిగిన ఆకు, పసుపు పడ్డ ఆకు ఏరేసి, మిగతాది ఫ్యాను కింద గంటసేపు వదిలేస్తాను. కడగను. పురుగుమందుల భయంతో తెచ్చినవి తెచ్చినట్టు అన్నీ ఉప్పునీళ్లలో కడిగి దాచేవాళ్లు మా అపార్ట్‌మెంట్లోనే నలుగురున్నారు. కడగడం తప్పు కాదు, ముందే కడగడం తప్పు. కోసే ముందు కడుక్కుంటే చాలు. ఆరిన ఆకుని పల్చటి నూలుగుడ్డలో చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో పెడతాను. చాలామంది వార్తాపత్రికలో చుడతారు. ఆ అచ్చు సిరాలో మంచివి కాని రసాయనాలు ఉంటాయని, తినేవాటిని అందులో చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ ఎన్నోసార్లు మొత్తుకుంది. మా అమ్మ పాత చీరల్లోంచి చింపిన గుడ్డలు ఉండగా నాకు పేపరెందుకు? కొత్తిమీరకి మాత్రం రాచమర్యాద: వేళ్లు మునిగేలా గ్లాసులో నీళ్లు, ఆకులకి చుక్క తగలకుండా, పైన వదులుగా ఒక కవరు. నీళ్లు రోజు విడిచి రోజు మార్చాలి. పచ్చిమిరపకాయలకి తొడిమలు తీసేస్తే చాలు. కరివేపాకు దాచడం గురించి నేను రాస్తే మా ఊళ్లో నవ్వుతారు, పెరట్లో చెట్టున్నవాళ్లు.

ఫ్రిజ్జు గిట్టనివి కొన్ని ఉన్నాయి. టమాటా అందులో రుచీ వాసనా పోగొట్టుకుంటుంది. పూర్తిగా పండి, ఇంకో రోజు ఆగదన్నప్పుడు పెట్టుకోవచ్చు. బంగాళాదుంపలో పిండి చలికి చక్కెరగా మారుతుంది, వేపుడు చేస్తే నల్లగా మాడినట్టవుతుంది. వెలుతురు తగిలితే పచ్చబడి చేదెక్కుతుంది కనక దానికి చీకటి గంప కావాలి, ఉల్లిపాయలకి దూరంగా. దోసకాయ, వంకాయ, బెండకాయ మరీ చల్లటి చోట నాలుగు రోజులుంటే గుంటలు పడి మచ్చలొస్తాయి. వాటిని ఫ్రిజ్జులో వెనక గోడకి ఆనించకుండా ముందువైపు పెట్టాలి, రెండు మూడు రోజుల్లో వండెయ్యాలి.

అరటి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. గోదావరి లంకల్లో, అంటే ఏటి నడిమి దిబ్బల్లో, పుట్టి అరటిని రెండు ముక్కల్లో తేల్చేస్తే పాపం తగులుతుంది.

మా చిన్నాన్న కొత్తపేట వైపు లంకలో అరటి వేస్తాడు. గెలలు రావులపాలెం యార్డుకి వెళ్తాయి. ఒకసారి మా ఇంటికొచ్చి, మంచినీళ్ల కోసం ఫ్రిజ్జు తీసి, లోపల చక్కెరకేళి అత్తం చూసి నిర్ఘాంతపోయాడు. "ఒరే, చదూకున్నావు కదరా! దాన్ని ఐసులో పెడితే చచ్చిపోద్దిరా" అన్నాడు. నిజంగానే చచ్చిపోతుంది. 13 డిగ్రీల కిందికి దిగితే అరటి తొక్కలో కణాలు దెబ్బతిని నల్లబడతాయి. పచ్చి కాయైతే ఆ తర్వాత బయట పెట్టినా సరిగ్గా పండదు. బాగా పండిన పండైతే తొక్క నల్లబడ్డా లోపల బాగానే ఉంటుంది, కానీ ఆ మొహం చూసి మా పిల్లలెవరూ ముట్టుకోరు.

గెలలు పండించడానికి మా తాతల కాలంలో పొగ పెట్టేవారు. మూసిన గదిలో గెలలు పేర్చి, మూల కుంపట్లో ఎండుగడ్డి మండీ మండకుండా రగిలించి, తలుపు సందులు మట్టితో మెత్తేవారు. పొగలో ఏముందో వాళ్లకి తెలీదు, పనిచేస్తుందని తెలుసు. అక్కడ రష్యాలో నెల్యుబోవ్ అనే కుర్రాడు, ప్రయోగశాలలో దీపాల గ్యాసు తగిలి బఠాణీ మొలకలు వంకర తిరుగుతున్నాయని గమనించి, అందుకు కారణం ఇథిలీన్ అని 1901లో తేల్చాడు. పండ్లు తమంతట తామే ఆ వాయువుని వదుల్తాయని 1934లో ఇంగ్లండులో గేన్ అనే ఆయన రుజువు చేశాడు. మా తాతగారి పొగలో ఉన్నదీ అదే. మామిడికాయల్ని గడ్డిలో మాగవేసినా, బియ్యం డబ్బాలో పూడ్చినా జరిగేది అదే, కాయ వదిలిన వాయువు కాయ చుట్టూనే నిలిచి దాన్ని పండిస్తుంది. ఇప్పుడు శీతల గదుల్లో లెక్క ప్రకారం ఇథిలీన్ వదిలి పండిస్తున్నారు, దానికి అనుమతి ఉంది. కార్బైడ్‌కి లేదు. అందులో ఆర్సెనిక్, భాస్వరం మలినాలుంటాయని నిషేధించారు.

ఈ కథంతా వంటింట్లోకి ఎందుకు తెచ్చానంటే, పండిన అరటిపళ్ల పక్కన ఏది పెట్టినా దానికీ తొందర పుడుతుంది. డైనింగ్ టేబుల్ మీద అందంగా ఉంటుందని ఒకే బుట్టలో అరటిపళ్లు, టమాటాలు, జామకాయలు, సపోటాలు పేరుస్తాం. ఒకటి పండితే బుట్టంతా పండుగ. ఆకుకూర, దోసకాయ ఆ గాలికి పసుపు పడతాయి. మనకి కావలసినప్పుడు మాత్రం అదే వరం: గట్టి సపోటాలు రేపటికి కావాలా, పండిన అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో వేసి మూతి ముడవండి.

ఊళ్లో గెలని దూలానికి వేలాడదీసేవాళ్లం. గాలి అన్ని వైపులా ఆడుతుంది, దేనికీ ఒరుసుకోదు. పై అత్తాలు ముందు పండుతాయి, కిందివి తర్వాత. పైనుంచి తింటూ వస్తే దాదాపు వారం పాటు రోజూ పండే. దాచడం, తినడం వేరు వేరు పనులుగా ఉండేవి కాదు అప్పుడు.

ఇంతవరకూ చదివి, చూశారా పాతకాలమే మేలు అని తల ఊపేవాళ్లుంటారు. ఒక్క క్షణం ఆగండి. నేనూ అలాగే ఊపేవాణ్ని, 2022 జూలై దాకా. ఆ నెలలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. మా చిన్నాన్న వాళ్లు మేడ మీదికి చేరారు, కరెంటు తీసేశారు. నీళ్లు తీశాక వెళ్లాను. ఫ్రిజ్జు తలుపు తీసిన వాసన ఇప్పటికీ మర్చిపోలేను. వాళ్లని బతికించినవేమిటని అడిగితే పిన్ని వేళ్లు మడిచి చెప్పింది: అటక మీద గుమ్మడికాయ, దోసకాయలు, ఉల్లిపాయలు, మామిడి ఒరుగులు, చింతపండు, కొబ్బరికాయలు, జాడీలో ఆవకాయ. అన్నీ పొడిగా, ఎత్తున ఉన్నవి. ఇది పాతకాలం గెలిచినట్టే కదా అనుకుంటూ మా అమ్మ దగ్గర ఈ మాట ఎత్తాను.

అమ్మ నవ్వింది. "మా రోజుల్లో ఏదీ వృథా పోలేదని ఎవరన్నార్రా? పుచ్చులు, కుళ్లులు తట్టలకొద్దీ పోయేవి. పాక నిండా గొడ్లుండేవి కాబట్టి మీకు కనబడేవి కాదు. ముదిరిన బెండకాయ గేదెకి, పండిపోయిన దొండకాయ గేదెకి. మీ అపార్ట్‌మెంట్లో గేదె లేదు, అంతే తేడా" అంది.

ఆ మాట నాకు చాలా కాలం గుచ్చుకుంది. పాత ఇంట్లో దాచే తెలివి కొంత, తప్పు దిగమింగే గేదె కొంత. పోయినదంతా పాలై తిరిగొచ్చేది. ఇప్పుడు అదే కాయ నల్ల కవర్లో మునిసిపాలిటీ బండెక్కుతోంది. అంచేత తాతమ్మల చిట్కాలన్నీ ఉన్నవి ఉన్నట్టు తెచ్చి మన వంటింట్లో అతికించుకున్నా లాభం లేదు. గేదె లేనివాడు కొనేటప్పుడే జాగ్రత్తపడాలి.

నా అసలు పోట్లాట ఇదే. కూరగాయలు ఎలా దాచాలని అడిగేవాళ్లు పదిమందైతే, ఎందుకింత కొన్నానని తనని తాను అడిగేవాడు ఒక్కడూ ఉండడు. పెద్ద ఫ్రిజ్జు కొన్నాక సంచి పెద్దదైంది. మడికి అనే ఊళ్లో ఉన్న కూరగాయల మార్కెట్‌కో రైతుబజారుకో వెళ్తే, కిలో కన్నా రెండు కిలోలు చౌకగా వస్తాయి. ఆ పది రూపాయలు మిగిల్చాననుకుని ఇంటికొస్తాం, రెండో కిలోలో సగం పారేస్తాం. నిలవ ఉంచే గుణం ఖాళీ స్థలానికి లేదు. నిండా కుక్కిన సొరుగులో గాలి ఆడదు, అడుగునున్నది కనబడదు. కనబడనిది వండరు.

ఇక్కడ రైతు గుర్తొస్తాడు. 2015లో కేంద్ర పరిశోధనా సంస్థ సిఫెట్ దేశమంతా లెక్కలు తీసి, పండ్లూ కూరగాయల్లో కోత దగ్గర్నుంచి అంగడి దాకా పంటని బట్టి సుమారు నాలుగున్నర నుంచి 16 శాతం దాకా పోతోందని చెప్పింది. అన్నిటికన్నా ఎక్కువ జామ, టమాటా 12 శాతం పైమాటే. లారీలో నలిగి, యార్డులో ఎండి, ఉక్కకి మగ్గి ఇన్ని పోగా మిగిలి మన గడప దాకా వచ్చినది దెబ్బకాచుకున్న కాయ. దాన్ని తీసుకెళ్లి మార్చురీలో పడుకోబెడితే మా చిన్నాన్నకి ఏం చెప్పను?

రోజూ మార్కెట్‌కి వెళ్లమని నేను చెప్పను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లు మాది. రోజూ తాజాగా కొనుక్కోవాలని ఉపదేశించేవాళ్లలో సంచి మోసేవాళ్లు తక్కువ. మేం ఆదివారం ఒకసారి, బుధవారం సాయంత్రం ఒకసారి కొంటున్నాం, మునుపటి సంచిలో సగమే. మార్పు ఎక్కువ తెచ్చింది వంట వరసే. ఆదివారం, సోమవారం ఆకుకూర, బెండకాయ. ఆ తర్వాత బీర, దొండ, వంకాయ. చివరి రోజుకి ఆనపకాయ, అరటికాయ, కంద, దుంపలు. కోరికని బట్టి వండితే ఆనపకాయ ముందు అయిపోయి తోటకూర మిగిలేది. ఇప్పుడు ఎవరి ఆయుష్షు తక్కువో వాళ్లది మొదటి పంక్తి. వారం చివర సొరుగులో తలో రెండూ మిగిలినవన్నీ కలిపి పులుసులో వేసేస్తాం. మా అబ్బాయి దానికి "మిగులు పులుసు" అని పేరు పెట్టాడు, రెండోసారి వడ్డించుకుంటాడు కూడా. పండిపోతున్న టమాటాలు రోటి పచ్చడికి, ముదిరిన దోసకాయ పప్పుకి.

కేలండర్ మీద గళ్లు ఈమధ్య ఖాళీగానే ఉంటున్నాయి. పూర్తిగా ఖాళీ అని చెప్పను. పోయిన నెల రెండుసార్లు కొత్తిమీర, ఒకసారి సగం బొప్పాయి. బొప్పాయి నాది కాదు, ఎవరో ఇచ్చారు.

నిన్న బుధవారం మామ్మ నేనడక్కుండానే ఇంకో కొత్తిమీర కట్ట సంచిలో పడేసింది, "కొసరండీ, ఉంచండి" అంటూ. కాదనడానికి నోరు రాలేదు. ఇప్పుడది రెండో గ్లాసులో, మొదటి దాని పక్కనే ఉంది. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు. కేలండర్ మేకుకి దారంతో కట్టిన పెన్ను ఒకసారి విదిలించి, రాస్తుందో లేదో చూసుకుంది.